పేగు పూత పట్నం జబ్బు కాదు

మన వినుకొండ ప్రాంతంలో ఎవరికైనా విరేచనంలో రక్తం పడితే మొదట వినిపించే మాట "వేడి చేసింది" అని. మజ్జిగ తాగమంటారు, సబ్జా గింజలు నానబెట్టి ఇమ్మంటారు. నెల దాటినా తగ్గకపోతే "మొలలు" అంటారు. గోడల మీద రాసి ఉండే ఫోన్ నంబర్లు చూసుకుని మొలల వైద్యుడి దగ్గరికి పోతారు. అక్కడా తగ్గకపోతే "అమీబియాసిస్" అన్న మాట వస్తుంది, దానితో పాటు మాత్రల కోర్సు. కోర్సు అయిపోయిన నెలకు మళ్ళీ అదే కోర్సు. ఈ మూడు మాటల మధ్య మనిషికి ఏడాదో రెండేళ్ళో గడిచిపోతాయి.

నూజెండ్ల వైపు మన సంఘ సభ్యుడొకరికి ఇలాగే రెండేళ్ళు గడిచాయి. పేరు రాయవద్దన్నాడు, రాయడం లేదు. వయసు 34. మూడెకరాల మిర్చి, అంతా కౌలే. రోజుకు ఎనిమిది పది సార్లు విరేచనం, రక్తం, జిగట, రాత్రిపూట నిద్రలో లేపేసే కడుపునొప్పి. ఊళ్ళో వైద్యం చేసే ఆయన సూది వేస్తే వారం బాగుండేది. మొలలని ఒకచోట ఆపరేషన్ కూడా చేశారు. చివరకు గుంటూరులో కొలనోస్కోపీ చేసి, పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడి ఉందని, దీన్ని అల్సరేటివ్ కొలైటిస్ అంటారని చెప్పారు. అప్పటికి మనిషి ఇరవై కిలోలు తగ్గాడు. హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయింది. రెండు గేదెలు అమ్మేశారు.

ఎంత అప్పయిందని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఇది: "పురుగుమందుల షాపులో ఖాతా ఉంది, మెడికల్ షాపులో ఖాతా ఉంది. మొత్తం ఒకే మనిషి దగ్గర వడ్డీకి తెచ్చా. ఏ షాపుది ఎంతో ఇప్పుడు విడదీయడం నావల్ల కాదన్నా."

రైతు సంఘం పత్రికలో పేగుల జబ్బు గురించి ఎందుకని ఎవరికైనా అనిపిస్తే, నా జవాబు ఆ వాక్యంలోనే ఉంది.

ముందు జబ్బు సంగతి. మన జనం పేగు పూత అనేదానికి డాక్టర్లు పెట్టిన పేరు ఐబీడీ. ఇందులో ప్రధానంగా రెండు రకాలు. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి రక్తం కారేది అల్సరేటివ్ కొలైటిస్. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా వచ్చి, పేగు గోడ మందమంతా దెబ్బతీసి, ఒక్కోసారి దారి మూసేసేది క్రోన్స్ వ్యాధి. రెండింటిలోనూ జరిగేది ఒకటే: ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ సొంత పేగు మీదనే తిరగబడుతుంది. ఇది అంటురోగం కాదు. పూర్తిగా నయం చేసే మందు లేదు గానీ, బీపీ, షుగర్ లాగా రోజూ మందు వాడితే అదుపులో ఉంచుకుని మామూలుగా బతకొచ్చు, పొలం పని చేసుకోవచ్చు. వదిలేస్తే మాత్రం రక్తహీనత వస్తుంది, కీళ్ళు పట్టేస్తాయి, కొందరికి కళ్ళు కూడా ఎర్రబడి వాస్తాయి. పెద్దపేగులో ఎక్కువ భాగానికి పాకిన జబ్బు ఎనిమిది, పదేళ్ళు ముదిరితే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఎక్కువగా పట్టేది పదిహేను నుంచి నలభై లోపు వాళ్ళను. అంటే ఇంట్లో కాడి మోసే మనిషిని.

చాలా కాలం ఇది తెల్లవాళ్ళ జబ్బు, డబ్బున్నవాళ్ళ జబ్బు అన్నారు. మన దేశంలో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే పేగు టీబీయో, అమీబాయో అయి ఉంటుందని డాక్టర్లే అనుకునేవారు. 2003లో పంజాబ్‌లోని లుధియానా డాక్టర్లు ఇల్లిల్లూ తిరిగి లెక్క తీసి, లక్ష మందికి 44 మంది చొప్పున అల్సరేటివ్ కొలైటిస్ రోగులున్నారని ప్రకటించారు. అప్పుడు కూడా అది పంజాబ్ సంగతి, తిండి బలిసిన ప్రాంతం సంగతి అనుకున్నారు.

మనకు దగ్గరి లెక్క హైదరాబాదు నుంచి వచ్చింది. ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు తమ దగ్గరకొచ్చిన రోగులనే కాకుండా, ఎండోస్కోపీ పరికరాలు బిగించిన బస్సును పల్లెలకు తీసుకెళ్ళి, కడుపు బాధలున్న వాళ్ళను అక్కడికక్కడే పరీక్షించారు. మొత్తం ముప్పై వేల మందికి పైగా చూశారు. 2023లో ఫలితాలు అచ్చయ్యాయి. పట్నం ఆసుపత్రికి వచ్చిన రోగుల్లోనూ, పల్లెల్లో బస్సు దగ్గరకు వచ్చిన వాళ్ళలోనూ ఐబీడీ బయటపడింది దాదాపు ఒకే నిష్పత్తిలో, నూటికి ఐదుగురు చొప్పున. ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. ఊళ్ళో ప్రతి వందమందిలో ఐదుగురికి ఉందని కాదు. కడుపు బాధతో వచ్చిన వందమందిలో ఐదుగురికని. అయినా పల్లెకూ పట్నానికీ తేడా లేకపోవడమే అసలు వార్త. ఎందుకంటే కెనడాలో నాలుగు రాష్ట్రాల లెక్కలు తీసి 2017లో ప్రకటించినప్పుడు, పల్లెల్లో పుట్టి పెరిగిన వాళ్ళకు, ముఖ్యంగా మొదటి ఐదేళ్ళు పల్లెలో గడిపిన పిల్లలకు, ఈ జబ్బు తక్కువని తేలింది. మట్టి, పశువులు, రకరకాల సూక్ష్మజీవులతో చిన్నప్పటి నుంచీ పరిచయం ఉంటే ఒంటి రక్షణ వ్యవస్థకు శత్రువెవరో మిత్రుడెవరో తెలుస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మరి మన పల్లెకు ఆ రక్షణ ఏమైపోయింది?

వంశం వల్ల అనడానికి వీల్లేదు. జన్యువుల పాత్ర కొంత ఉంది, కానీ ఒక తరంలో జన్యువులు మారిపోవు. ఇంగ్లండులోని లెస్టర్ పట్టణంలో స్థిరపడిన మన దేశస్థులను ముప్పై ఏళ్ళ కిందటే పరిశీలిస్తే, అక్కడి తెల్లవాళ్ళకంటే మనవాళ్ళలోనే అల్సరేటివ్ కొలైటిస్ ఎక్కువగా కనిపించింది. మనిషి అదే, ఊరు మారింది. మనం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఊరే మన చుట్టూ మారిపోయింది.

తిండి చూడండి. శ్రీనాథుడి పేరు మీద చెప్పుకొనే చాటువుల్లో పల్నాడంటే జొన్నకూడు తప్ప మరొకటి దొరకని సీమ అని వెక్కిరింత ఉంటుంది. ఆ మహాకవి సన్నన్నం దొరకలేదని ఏడ్చాడు గానీ, ఆ జొన్నా, సజ్జా, కొర్రా, ఉలవా ఇన్ని తరాలు మన పేగును కాచాయి. ఆ గింజల్లోని పీచు పెద్దపేగులో ఉండే మేలు చేసే సూక్ష్మజీవులకు మేత. అవి పీచును పులియబెట్టి తయారుచేసే ఆమ్లాలే పేగు లోపలి పొరకు బలం. ఇవాళ మెట్ట భూమిలో కూడా మిర్చి, పత్తి. తినేది పాలిష్ పట్టిన రేషన్ బియ్యం. పిల్లల చేతికి పొద్దున్నే ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్, సాయంత్రం రంగు నీళ్ళ సీసా. కాయ కోతకు పోయే తల్లి నాలుగింటికి లేచి వంట చేసే ఓపిక లేక ఆ ఐదు రూపాయలు ఇస్తుంది. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ 21 దేశాల్లో, మన దేశం కూడా అందులో ఉంది, లక్షా పదహారు వేల మందిని ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధన 2021లో వచ్చింది. ఫ్యాక్టరీలో తయారై ప్యాకెట్లలో వచ్చే తిండి రోజుకు ఐదుసార్లు గానీ అంతకు మించి గానీ తినేవాళ్ళకు, రోజుకు ఒకసారి కంటే తక్కువగా తినేవాళ్ళతో పోలిస్తే ఐబీడీ ముప్పు 82 శాతం ఎక్కువ కనిపించింది. మిర్చి కారం వల్ల ఈ జబ్బు వస్తుందని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. పుండు మీదున్నప్పుడు కారం తింటే బాధ పెరగొచ్చు, అంతే. పండించేది మనమే కాబట్టి ఈ మాట చెప్పడం లేదు. ప్యాకెట్ చేసే పనికి కారం మీద నింద వేయడం తప్పు కాబట్టి చెబుతున్నాను.

ఇక మందులు. జలుబుకీ జ్వరానికీ విరేచనాలకీ యాంటీబయాటిక్. ఊళ్ళో వైద్యుడికి వేరే గతి లేదు, మనకూ రేపు పొద్దున్నే పొలం పోవాలి. డెన్మార్క్‌లో అరవై లక్షల మంది రికార్డులు తిరగేసి 2023లో చెప్పిందేమంటే, యాంటీబయాటిక్ వాడిన వాళ్ళలో ఐబీడీ ఎక్కువగా వస్తోంది, కోర్సులు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతోంది, వాడిన ఏడాది రెండేళ్ళ లోపల అది ఎక్కువగా ఉంటోంది, నలభై దాటిన వాళ్ళలో దాదాపు సగం మేర ఎక్కువ. మందు చెడ్డ సూక్ష్మజీవితో పాటు మంచివాటినీ ఊడ్చేస్తుంది. కలుపు మందు గురి తప్పి పైరు మీద పడితే ఏమవుతుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. అవసరమైనప్పుడు వాడకుండా ఉండమని కాదు. అక్కర్లేని చోట వద్దని. కోళ్ళ మేతలో కలిపే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కేంద్రం 2019లో నిషేధించింది. మనుషుల వైద్యానికి ఆఖరి ఆయుధంగా దాచుకున్న మందును కోళ్ళు బరువు పెరగడానికి వాడుతూ వచ్చారు!

దీనికంటే ఎవరూ పట్టించుకోనిది నొప్పుల బిళ్ళ. ఇరవై లీటర్ల ట్యాంకు వీపున వేసుకుని రోజంతా మందు కొట్టినవాడు, వంగి కాయ కోసిన మనిషి, రాత్రి ఒక బిళ్ళ వేసుకోనిదే పడుకోలేని పరిస్థితి. కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి. డైక్లోఫెనాక్ లాంటి ఈ బిళ్ళలు పేగు పొరను గాయపరుస్తాయి, ఉన్న జబ్బును రేపుతాయి. బీడీ, సిగరెట్ కూడా క్రోన్స్ వ్యాధిని తెచ్చేవాటిలో ముఖ్యమైనవి. వచ్చాక మానకపోతే జబ్బు మరింత ముదురుతుంది.

పురుగుమందుల దగ్గరకు వద్దాం. చాలామంది ఈ వ్యాసంలో ముందుగా వెతికేది ఇదే అని తెలుసు. అమెరికాలో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల రైతులనూ వాళ్ళ భార్యలనూ 1990ల నుంచి గమనిస్తున్న పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులో కొన్ని పాత ఆర్గానోక్లోరిన్ మందులు, కొన్ని ఆర్గానోఫాస్ఫేట్ మందులు వాడిన వాళ్ళలో ఐబీడీ ఎక్కువగా కనిపించిందని 2024లో ప్రకటించారు. మన మిర్చి, పత్తి చేలల్లో దశాబ్దాలుగా కొట్టినవి ఈ రెండు తరగతుల మందులే. మన దేశంలో 2020 డిసెంబరు ఆఖరు నుంచి నిషేధించిన ఫోరేట్ గుళికలు ఆర్గానోఫాస్ఫేటే. చేతులతో చల్లాం మనం వాటిని, తొడుగు కూడా లేకుండా. 2021లో నల్ల తామర పురుగు పడినప్పుడు రెండు మూడు రోజులకొకసారి, ఎవరు ఏది చెబితే అది, రెండు మూడు కలిపి కొట్టిన సంగతి ఎవరు మర్చిపోతారు?

అయినా ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఇప్పటికి ఉన్న ఆధారాలతో "పురుగుమందు వల్లే పేగు పూత" అని మనం అనలేం. అమెరికా లెక్కల్లో కనిపించింది అనుమానం, తీర్పు కాదు. ఆ నూజెండ్ల రైతు జబ్బు మందు కొట్టడం వల్ల వచ్చిందని కూడా ఎవరూ చెప్పలేరు. సభల్లో మైకు దొరికితే మనవాళ్ళు కొందరు ప్రతి జబ్బునూ ఒకే ఖాతాలో వేస్తారు. బొల్లాపల్లి బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను కూడా దీనికి అంటగట్టిన వాళ్ళను విన్నాను. ఫ్లోరైడ్ పళ్ళనూ ఎముకలనూ పట్టేది, దాన్ని ఐబీడీతో ముడిపెట్టే ఆధారం లేదు. రుజువు లేని మాట ఒకటి మాట్లాడితే, రుజువున్న పది మాటలు కూడా కంపెనీవాడు కొట్టిపారేయడానికి మనమే దారి చూపినట్టు.

మరి కారణం తేలేదాకా ఊరుకోవాలా? ఊరుకోనక్కర్లేదని చెప్పడానికి మన రాష్ట్రంలోనే ఉద్దానం ఉంది. శ్రీకాకుళం జిల్లాలో జీడి, కొబ్బరి తోటల మధ్య ఊళ్ళకు ఊళ్ళు కిడ్నీ జబ్బుతో ఖాళీ అవుతుంటే, నీళ్ళా, మట్టా, మందులా, ఎండలో పనా అని శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి తర్జనభర్జన పడ్డారు. ఒకే కారణమని ఇప్పటికీ తేలలేదు. కానీ జనం ఆ తీర్పు కోసం కూర్చోలేదు. డయాలసిస్ కేంద్రాలు అడిగారు, మంచినీళ్ళు అడిగారు, పరిశోధన అడిగారు. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి, హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగునీళ్ళు వచ్చాయి. దానికి భిన్నమైన ఉదాహరణ మన పక్కనే ఉంది. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ జబ్బును శాస్త్రజ్ఞులు గుర్తించింది 1937లో. కారణం అప్పుడే తేలింది. నీళ్ళు ఎప్పటికి వచ్చాయో, ఎన్ని ఊళ్ళకు ఇంకా రాలేదో మనకు తెలుసు. ఉద్దానంలో జనం ఒత్తిడి ఉంది. ఇక్కడ కారణం తెలిసినా ఆ ఒత్తిడి సరిపోలేదు.

మనం అడగాల్సింది పెద్దదేమీ కాదు. జిల్లా కేంద్రం నరసరావుపేటలోని ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికి రెండు రోజులైనా కొలనోస్కోపీ జరగాలి. మలం పరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ అనేదొకటి ఉంది. పేగులో వాపు ఉందో లేదో దాన్ని బట్టి చాలావరకు తెలుస్తుంది. ఎవరికి గొట్టం వేసి చూడాలో తేల్చడానికి అది చాలు. అది అక్కడే చేయాలి. వినుకొండ నుంచి గుంటూరు పెద్దాసుపత్రికో మంగళగిరి ఎయిమ్స్‌కో ఒక పరీక్ష కోసం పోవడమంటే ఇద్దరి కూలి, బస్సు చార్జీలు, ఒక రోజు. రోజుకు పదిసార్లు విరేచనమయ్యే మనిషికి ఆ మూడు గంటల బస్సు ప్రయాణం ఎలా ఉంటుందో ఊహించండి. మందుల సంగతి ఇంకా ముఖ్యం. బీపీ, షుగర్ మాత్రలు పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తున్నట్టే, మెసలమైన్, అజాథియోప్రిన్ లాంటి మందులు కూడా నెలనెలా ఇవ్వాలి. నూజెండ్ల రైతుకు మాత్రలకే నెలకు రెండున్నర వేలవుతోంది. డబ్బుల్లేని నెల మానేస్తాడు, మానేసిన నెల రక్తం పడుతుంది. ఆరోగ్యశ్రీ నుంచి ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ దాకా మన పథకాలన్నీ ముఖ్యంగా ఆపరేషన్ల చుట్టూ, ఆసుపత్రిలో చేరడం చుట్టూ అల్లినవి. పేగు కోసేస్తే డబ్బు కడతాం, కోయకుండా కాపాడే మాత్రకు కట్టం అనడం ఎక్కడి లెక్క?

ఆసుపత్రుల్లో కేసు షీటు మీద వృత్తి దగ్గర "రైతు" అని రాసి వదిలేస్తారు. ఏ పంట, ఎన్నేళ్ళుగా మందు కొడుతున్నాడు, ఏయే మందులు, తాగే నీళ్ళు ఎక్కడివి అన్నది రాయించాలి. అయోవా రైతుల గురించి ప్రపంచానికి తెలిసింది వాళ్ళను అడిగి రాసుకున్నందువల్ల. మనల్ని ఎవరూ అడగలేదు.

ఆడవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. కాయ కోతకు ఆటోల్లో ఇరవై కిలోమీటర్లు పోయే ముఠాలో ఈ జబ్బున్న మనిషి ఉంటే ఆమె ఏం చేస్తుంది? చేలో చాటు లేదు. పొద్దున్నుంచీ తిండి మానేసి, నీళ్ళు మానేసి పోతుంది. అలా మానేసి ఒళ్ళు మరింత పాడుచేసుకుంటుంది. నాకు తెలిసిన ఒకామె భర్తకు కూడా ఎనిమిది నెలలు చెప్పలేదు. పెళ్ళి కావాల్సిన పిల్లలయితే అసలు బయటపడరు. కోత సీజనులో చేను దగ్గర తడికలతో ఒక మరుగు కట్టించడం పెద్ద రైతుకు ఒక బస్తా కాయల ఖర్చు కూడా కాదు. ఇది ప్రభుత్వాన్ని అడగాల్సిన పని కాదు, మన సభ్యులనే అడగాల్సింది.

ఈలోగా ఇంట్లో గమనించుకోవాల్సినవి. నాలుగు వారాలు దాటి విరేచనాలు, అందులో రక్తం లేదా జిగట; రాత్రి నిద్రలోంచి లేపే విరేచనం; కారణం లేకుండా బరువు తగ్గడం; నీరసం, పాలిపోవడం. వీటిలో ఏది ఉన్నా మొలలని ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు లోపల గొట్టం వేసి చూడమని అడగండి. పేగు టీబీ అని మందులు మొదలుపెడితే మధ్యలో మానొద్దు. రెండు మూడు నెలలకూ గుణం కనిపించకపోతే క్రోన్స్ ఏమోనని డాక్టరును అడగండి, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. వారంలో మాయ చేసినట్టు తగ్గిస్తున్న సూదిలోనో మాత్రలోనో స్టెరాయిడ్ ఉందేమో అడిగి తెలుసుకోండి. అవసరమైనప్పుడు డాక్టర్లు కొద్దికాలం ఇచ్చే మందే అది. నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లవుతాయి, షుగర్ వస్తుంది, అలాగని ఒక్కసారిగా ఆపేసినా ప్రమాదమే. జబ్బు ఉన్నవాళ్ళు పుండు రేగినప్పుడు జొన్నరొట్టె, పీచు ఎక్కువున్న కూరలు తినొచ్చో లేదో డాక్టరును అడిగి తినాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు మేలు చేసేది అప్పుడు వీళ్ళకు పడకపోవచ్చు.

నూజెండ్ల రైతు ఇప్పుడు మళ్ళీ చేనుకు పోతున్నాడు. ఈ ఏడు మూడెకరాల్లో అరెకరం జొన్న వేశాడు, ఇంటికి. మందు కొట్టే పని మాత్రం తమ్ముడికి అప్పగించాడట. తమ్ముడికి తొడుగులు, మాస్కు కొన్నావా అంటే నవ్వాడు. వచ్చే నెల మండల శాఖల సమావేశాల్లో, ఇలా ఏడాదికి మించి కడుపు జబ్బుతో తిరుగుతున్న వాళ్ళ పేర్లు వాళ్ళు ఒప్పుకుంటేనే రాసుకుని రావాలని కార్యదర్శులను కోరుతున్నాను. వినుకొండ, నూజెండ్ల, శావల్యాపురం, ఈపూరు, బొల్లాపల్లి, ఐదు మండలాల జాబితా చేతిలో ఉంటే నరసరావుపేటలో కలెక్టరు గారి దగ్గరకు గ్రీవెన్సు రోజున వెళ్దాం.